డాల్ఫిన్ చేతివేళ్లు

మొన్న ఒక పెళ్లి విందులో మా దూరపు చుట్టాల పిల్ల నా పక్కన కూర్చుంది. జంతుశాస్త్రంలో పెద్ద చదువు చదువుతోందట. నేనూ ఒకప్పుడు ఆ పాఠాలే చెప్పినవాణ్నని ఎవరో చెప్పగా, "తాతా, మీ సర్వీసులో మీరు చూసిన వింత జంతువు ఏది?" అని అడిగింది. "డాల్ఫిన్" అన్నాను. "ఎక్కడ, వైజాగ్‌లోనా?" అంది. "కాదమ్మా, మెదక్‌లో." పిల్ల పకపకా నవ్వి, తాతకు మతి చెడిందనుకుందో ఏమో, జాలిపడి నా విస్తట్లో ఇంకో లడ్డూ వేయించింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. ఆ పిల్ల వయసు వాళ్ల కోసమే రాస్తున్నాను కనుక ఎక్కడ పడితే అక్కడ నవ్వకండి. నవ్వాల్సిన చోట్లు నేనే చెబుతాను.

రజాకార్ల రోజుల్లో నేను మెదక్ హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. చేగుంట దగ్గర పల్లెలో రైతు ఇంట పుట్టి, హైదరాబాదులో ఉర్దూలో చదువుకుని, అదే ఉర్దూలో పిల్లలకు కప్ప గుండె గురించీ ఆకు ఊపిరి గురించీ చెప్పేవాణ్ని. పెళ్లి కొత్త, ఉద్యోగమూ కొత్తదే. గొడవలు ముదిరాక మా నాన్న ఒకరోజు బండి కట్టించుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"షోలాపూర్ దిక్కు మీ మేనమామ ఉన్నడు. మీ అమ్మను, కోడల్ని తీస్కపోతున్న. నువ్వు గూడ నడువు."

"సర్కారు నౌకరి నాయినా. చెప్పకుంట వస్తె ఊడుతది."

"ఊడితె ఊడనియ్. పానం ఉంటె బర్లు కాస్కొని బతుకుతవ్."

ఆ మాటకు నాకు రోషం వచ్చింది. బర్రెలు కాయడానికా ఇంత చదివింది అనుకున్నాను. వాళ్లు వెళ్లిపోయారు, నేను ఉండిపోయాను. మా ఆవిడ బండి వెనక కూర్చుని మలుపు తిరిగేదాకా ఇటే చూసింది. నేను కనీసం చెయ్యి కూడా ఊపలేదు. అందరూ చూస్తారని సిగ్గు.

కొద్ది రోజుల్లోనే స్కూలు ఖాళీ అయింది. పల్లెల పిల్లల్ని తల్లిదండ్రులు పంపడం మానేశారు. మీసాలొస్తున్న పిల్లలు కొందరు సంగపోళ్లలో, అంటే నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లలో కలిసి అడవి పట్టారని చెప్పుకునేవారు. చరిత్ర మాస్టరు సెలవు మీద పోయి తిరిగి రాలేదు. లెక్కల మాస్టరు సెలవు కూడా అడక్కుండా పోయాడు. హెడ్మాస్టరు మాత్రం పొద్దున వచ్చి, హాజరు తీసుకోవడానికి ఎవరూ లేరని చూసి, గడియారానికి కీ ఇచ్చి ఇంటికి వెళ్లేవారు.

ఒంటరితనం ఏమిటో నాకు ఆ ఏడాదే తెలిసింది. ఖిల్లా కింది వీధిలో నా కిరాయి గది. పొద్దు గూకక ముందే వీధిలో తలుపులన్నీ పడేవి. వండుకోవడం, తినడం, గిన్నె కడుక్కోవడం. ఉత్తరాలు లేవు. రోజులో మొదటి మాట నోటి నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది, అది కూడా ఏ కూరగాయలమ్మితోనో. కొన్నాళ్లకు నేను చర్చి గోపురాన్ని చూస్తూ నాలో నేనే మాట్లాడుకుంటున్నానని తెలిసి భయం వేసింది. ఏడవాలనిపించేది. ఏడుపు రాకపోవడం ఇంకా కష్టంగా ఉండేది.

దారులు పూర్తిగా మూసుకుపోక ముందు స్కూలుకు ఒక పెద్ద చెక్కపెట్టె వచ్చింది. హైదరాబాదులో ఏదో మ్యూజియం గదిలో చోటు చాలక జిల్లా స్కూళ్లకు తలా ఒక పెట్టె పంచారట. కొందరికి సీసాల్లో పాములు, కొందరికి రంగురాళ్లు, మాకు డాల్ఫిన్. మెదక్ పిల్లలకు డాల్ఫిన్ ఎందుకని ఎవరూ ఆలోచించినట్టు లేదు. (ఇక్కడ నవ్వొచ్చు.) ఎప్పుడో బందరు రేవులో బెస్తవాళ్ల దగ్గర కొన్నదట. గడ్డిలో విడివిడిగా ఎముకలు, మూతి ముందుకు పొడుచుకొచ్చిన పుర్రె, గోనెపట్టాలో చుట్టి ఉప్పుతో ఎండబెట్టిన రెండు ముందు రెక్కలు. రెక్కల మీద నల్లటి తోలు అట్లాగే ఉంది. హెడ్మాస్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, నీ ఇష్టం, వెనక గదిలో ఏమైనా చేసుకో అన్నారు.

అట్లా నాకు సలోత్రి సాబ్ దొరికారు. పశువుల డాక్టరును మా దిక్కు అట్లాగే అనేవారు. యాభై దాటిన మనిషి, భార్య పోయింది, కూతురు హైదరాబాదులో అత్తగారింట్లో ఉంది. ఎముకల్ని తీగతో కట్టడం నాకు రాదు, అందుకని పశువుల దవాఖానకు పోయి అడిగాను. ఆయన అప్పుడే ఒక ఎద్దు డెక్కకు మందు పూసి చేతులు కడుక్కుంటున్నారు.

"ఏం జానవర్ అది మాస్టర్ సాబ్?"

"డాల్ఫిన్ అంటరు. సముద్రంల ఉంటది."

"అంటే చేప. చేపల్తోని నాకేం పని?"

"చేప గాదు సలోత్రి సాబ్. పిల్లను కంటది, పాలిస్తది."

"పాలిస్తదా!" అని ఆయన తుండుగుడ్డ భుజాన వేసుకున్నారు. "అయితే నా డిపార్ట్‌మెంటే. నడువుండ్రి."

ఇక రోజూ మధ్యాహ్నం దాటాక ఆయన రంపం, తీగ, పట్టకారు తీసుకుని వచ్చేవారు. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని పని చేసేవాళ్లం. నా దగ్గర అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, అందులో డాల్ఫిన్లకు అర పేజీ. ఆ అర పేజీని ఆయనకు తెలుగు చేసి చెప్పేవాణ్ని. రక్తం వెచ్చన, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పాలిచ్చి పెంచుతుంది, కాబట్టి మనలాగే క్షీరదం. తిమింగలాల జట్టు. ఆ జట్టులో నోట్లో పళ్లకు బదులు జల్లెడ ఉన్నవి ఒక తెగ, పళ్లున్నవి ఒక తెగ. ఇది పళ్ల తెగలో డాల్ఫిన్ల కుటుంబానిది. అందులోనూ మూతి పొట్టిగా మందంగా సీసా మెడలాగా ఉంటుంది కనుక సీసామూతి డాల్ఫిన్. ముక్కు రంధ్రం మూతి మీద కాదు, నడినెత్తిన, అదీ ఒక్కటే.

సలోత్రి సాబ్ పుర్రెను ఒళ్లో పెట్టుకుని పళ్ల వరస మీద వేలు నడిపేవారు. "కోరలు లెవ్వు, దవడపళ్లు లెవ్వు, అన్ని ఒక్క తీరే సూదులు. ఇది నమలది మాస్టర్ సాబ్. పట్టుడు, మింగుడు."

"పళ్లు చూసి గుర్రం వయసు చెప్తరు గద. దీని వయసు చెప్పుండ్రి చూద్దం."

"దీని ముందట నా ఇల్మ్, నా విద్య పన్జెయ్యది," అని తల అడ్డంగా ఊపేవారు.

సీసామూతి డాల్ఫిన్లు ఒకటే జాతా, రెండా అన్నది అప్పటికి పండితులకే తేలలేదు. పెద్దగా బలిసి ఉండేది ఒకటి. మన దిక్కు సముద్రాల్లో తిరిగేది సన్ననిది, దాని మూతి కొంచెం పొడుగు, పెద్దయ్యాక పొట్ట మీద మచ్చలొస్తాయి. ఈ రెండూ వేరు వేరని గట్టిగా ఒప్పుకునేసరికి నేను రిటైరై చాలా ఏళ్లయింది. ఆ రోజుల్లో మాత్రం దారం పట్టుకుని మూతి పొడుగు కొలుస్తూ కూర్చునేవాణ్ని. మాది ఏదో ఇప్పటికీ నాకు తెలియదు. మచ్చలు చూద్దామంటే పొట్టే లేదాయె.

తోక కట్టేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. ఇద్దరమూ మంజీర చేపల్ని చూసినవాళ్లమే తప్ప సముద్రం చూసినవాళ్లం కాదు. చేప తోక పక్కలకు కదా ఆడుతుంది! అట్లాగే నిలువుగా కట్టేశాం. కట్టాక సలోత్రి సాబ్ వెన్నుపూసల్ని పట్టి అటూ ఇటూ వంచి చూసి నాలుక కరుచుకున్నారు. "ఇది పక్కలకు వంగే నడుము గాదు. ఉరికే గుర్రం తీరు పైకి కిందికి వంగుతది. విప్పుండ్రి." మొత్తం విప్పి తోకను పడుకోబెట్టి మళ్లీ కట్టాం.

దేనికీ అతకని రెండు చిన్న ఎముకలు మిగిలాయి. పుస్తకం చూసి, అవి తుంటి ఎముకలని చెప్పాను. ఎప్పుడో లెక్కలేనన్ని తరాల కింద దీని పూర్వీకులకు వెనక కాళ్లుండేవని, నేల మీద తిరిగేవని చెప్పాను.

"కాళ్లుండంగ, నేల మీద ఏం తక్కువైందని నీళ్లల్లకు పోయిందో!" అన్నారాయన.

ఆ మాటకు ఇద్దరమూ నవ్వలేదు. ఆయన తన కూతుర్ని తలచుకున్నారో ఏమో, పాన్ డబ్బా తీసి ఊరికే మూత తెరిచి మూశారు. నాకు మా ఆవిడ గుర్తొచ్చింది. ఆ పొద్దు ఇద్దరం తొందరగా ఇళ్లకు పోయాం.

ఇక అసలు పొరపాటు దగ్గరికి వస్తున్నాను. రెండు రెక్కల్లో ఒకదాన్ని తోలు ఒలిచి ఎముకలు తీద్దామని, రెండోదాన్ని తోలుతోనే ఉంచుదామని అనుకున్నాం. బయట చూస్తే చేప రెక్క, లోపల చూస్తే మనిషి చెయ్యి! పక్కపక్కన పెడితే పిల్లలకు వర్గీకరణ అంతా ఒక్క చూపులో అర్థమవుతుందని నా ఆశ. మొదటిదాన్ని సున్నపు నీళ్లలో నానేశాం. పది రోజులు జ్వరంతో పడి నేను స్కూలుకు పోలేదు, ఆయనేమో ఊళ్లు తిరుగుతున్నారు. వచ్చి చూసేసరికి తోలూ నరాలూ కరిగి ఎముకలన్నీ తొట్టి అడుగున కుప్పగా ఉన్నాయి. ఏది ఏ వేలిదో ఎవరికి తెలుసు? పుస్తకంలో వేళ్ల ముచ్చటే లేదు. గోడకు మనిషి అస్థిపంజరం పటం ఉంది. దాన్ని చూసి వేలికి మూడు, బొటనవేలికి రెండు చొప్పున అమర్చి, నల్లరంగు వేసిన పలక మీద తీగతో బిగించాం. బాగా కుదిరింది కూడా.

"ఇన్ని బొక్కలు ఎక్కువైనయేంది?" అన్నారు సలోత్రి సాబ్, మిగిలిన ఎముకల్ని అరచేతిలో ఆడిస్తూ.

"తోక కొసవి గావొచ్చు," అన్నాను, పాఠం చెప్పే గొంతుతో. వాటిని బిస్కెట్ డబ్బాలో పోసి అటక మీద పెట్టాం. పలకను కిటికీకి ఎదురుగా గోడకు తగిలించాం.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. ఆకాశంలో విమానాలు, రోడ్డు మీద యూనియన్ సైన్యం లారీలు. నిన్నటిదాకా తలుపులు వేసుకున్న వీధులు తెరుచుకున్నాయి, అప్పటిదాకా తెరిచి ఉన్న వీధులు కొన్ని తలుపులు వేసుకున్నాయి. సలోత్రి సాబ్ ఉండే ముస్లింల వీధి ఆ మూసుకున్న వాటిలో ఒకటి. రజాకార్ల గుర్రాలకు ఆయన మందు పెట్టాడని ఊళ్లో అనుకోవడం మొదలైంది. పెట్టిన మాట నిజమే. సర్కారు సలోత్రి, గుర్రం తెస్తే ఏం చేస్తాడు? గుర్రం రజాకారా? కానీ ఆ రోజుల్లో ఆ మాట గట్టిగా అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

స్కూలు వెనక ఇళ్లవాళ్లు నెలల తరబడి ఆయన కిటికీ దగ్గర రంపంతో ఎముకలు కోయడం చూశారు. ఇప్పుడు ఎవరో కిటికీలోంచి తొంగి చూశారు. ఎదురుగా గోడ మీద, నల్ల పలకకు బిగించిన చెయ్యి కనిపించింది.

ఆ పొద్దున నేను స్కూలుకు పోయేసరికి ఆవరణ నిండా జనం. సలోత్రి సాబ్‌ను ఇద్దరు రెక్కలు విరిచి పట్టుకుని ఉన్నారు. టోపీ లేదు, అంగీ భుజం దగ్గర చిరిగి ఉంది. మిలిటరీ కెప్టెన్ జీపు దిగి గదిలోంచి పలకను తెప్పించి బెంచీ మీద పెట్టించాడు. పలక ముందు నేల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. తూప్రాన్ దగ్గరి పల్లె ఆమెది, కాపు ఇల్లాలు. కొడుకు అంగడికి పోతుంటే సంగపోడని రజాకార్లు దారిలో పట్టుకుని మెదక్ దిక్కు తెచ్చారట. అంతే, మళ్లీ జాడ లేదు. మిలిటరీ వచ్చిన దగ్గర్నుంచీ ఆమె క్యాంపు ముందే కూర్చుంటోందని తర్వాత తెలిసింది. ఎవరో చెయ్యి దొరికిందని చెబితే పరుగెత్తుకొచ్చింది.

ఆమె నన్ను చూసి లేచింది. "నువ్వేనట గద సారూ గీడ పెద్ద సదువు సదివినోనివి. గిది మావోని చెయ్యా? అయితే అయ్యిందని చెప్పు. తీస్కపోయి మట్టిల పెట్టుకుంట, దినాలు చేస్కుంట. కాకుంటె కాదని చెప్పు. నాకు ఏదో ఒక్కటి చెప్పు సారూ."

"కాదమ్మా, ఇది మనిషిది గాదు. సముద్రంల జంతువుది."

"సముద్రం మెదక్‌కు ఎప్పుడొచ్చె?" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. "సారు గూడ ఆనితోనే కలిసిండు! ఇద్దరు తలుపులేస్కొని కోస్తుండ్రి, మేం సూడలేదా?"

కెప్టెన్ చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. పలక మీద వేళ్లను, వేళ్లకున్న ఎముకలను తన చేతితో పోల్చి చూసుకున్నాడు. ఐదు వేళ్లు. వేలికి మూడు. బొటనవేలికి రెండు. మనిషి చెయ్యికి ఇంతకంటే ఏం కావాలి మాస్టర్ అని హిందీలో నెమ్మదిగా అడిగాడు.

ఆ చేతిని అట్లా కట్టింది మేమే. ఎక్కువైన ఎముకల డబ్బా అటక మీద ఉంది. తోకవి కావు, అవి వేళ్లవి! లోపలికి పోయి డబ్బా తెచ్చి, ఇవీ ఈ వేళ్లవే, మేమే తప్పుగా కట్టాం అని చెప్పాను. జనం ఒక్కసారి గొల్లుమన్నారు. ఇంకెవరి బొక్కలు దాచినవురా అని ఒకడు నా మీదికి వచ్చాడు. ఇన్నాళ్లు మనుషులు లేరని బాధపడ్డవాణ్ని, ఇంతమంది మనుషుల మధ్య అంత దిక్కులేకుండా ఎప్పుడూ నిలబడలేదు.

అప్పుడు సలోత్రి సాబ్ తలెత్తారు. "రెండోది ఉన్నది గద మాస్టర్ సాబ్," అన్నారు. "తోలుతోని ఉన్నది. గందరి ముందట కోద్దాం."

గోనెపట్టా విప్పి రెక్కను తెచ్చాను. తోలు ఎక్కడా తెగలేదు. కెప్టెన్ దాన్ని తిప్పి తిప్పి చూసి, సరే కానీ అన్నాడు. కట్టెలా ఎండిపోయి ఉంది, నానితే తప్ప కత్తి దిగదు. స్కూలు బావి నీళ్లు కాచి తొట్టిలో పోసి రెక్కను ముంచాం. రెక్క నానిన కొద్దీ వాసన లేచింది. మెదక్‌లో ఎవరూ ఎరగని వాసన, ఉప్పూ చేపా కలిసిన కంపు. ముందు వరసలో వాళ్లు ముక్కులు మూసుకుని వెనక్కు జరిగారు. "సేప తీరే ఉన్నదిరా," అని ఒక ముసలాయన గొణిగాడు. ఆమె మాత్రం తొట్టి దగ్గర నుంచి కదల్లేదు. కొంగు నోట్లో కుక్కుకుని నీళ్లలోకే చూస్తూ కూర్చుంది.

తోలు మెత్తబడ్డాక కత్తి ఎవరు పట్టాలన్న గొడవ వచ్చింది. నాకు కప్పను కోయడమే సరిగా రాదు. సలోత్రి చేతికి కత్తి ఇవ్వొద్దని జనం ఒకటే అరుపు. కెప్టెన్ ఆయన్ను పట్టుకున్నవాళ్లను వదలమని కసిరి, తానే కత్తి అందించి, పక్కనే నిలబడ్డాడు. సలోత్రి సాబ్ కత్తి పిడి పట్టుకుని, పెదాల కింద బిస్మిల్లా అనుకున్నారు. కొస నుంచి భుజం దాకా ఒకటే గీత గీసి, తోలును రెండు దిక్కులా ఒలిచి, కింద ఉన్న తెల్లటి గట్టి పొరను కొద్దికొద్దిగా గీకి తీశారు.

లోపల చెయ్యి ఉంది. పొట్టి భుజం ఎముక, పలకల్లాంటి ముంజేతి ఎముకలు, మణికట్టు, వేళ్లు. చూడగానే జనం నిట్టూర్చారు. ఎందుకంటే అది నిజంగా చెయ్యిలాగే ఉంది. అయితే గోళ్లు లేవు. బొటనవేలు ఉండీ లేనట్టు చిన్నది. చిటికెన వేలూ అంతే. బొటనవేలి పక్కన చూపుడువేలు మాత్రం రెక్క కొసదాకా వంపు తిరిగి పోయింది, ఎముక తర్వాత ఎముక, ఎముక తర్వాత ఎముక.

నేను పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె తన చూపుడువేలు ముందుకు చాపి, మన ఆడవాళ్లు పాల లెక్కకూ కూలి లెక్కకూ పెట్టినట్టే, బొటనవేలిని కణుపు కణుపుకూ ఆనించుకుంటూ నాతో పాటు లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఆమె వేలు అయిపోయింది. నేను నాలుగు అన్నాను, ఐదు అన్నాను, ఆరు, ఏడు అన్నాను. ఆమె బొటనవేలు ఖాళీగా గాలిలో ఆగిపోయింది.

"మనిషి గాదు," అంది ఆమె, ఎవరితోనూ కాదన్నట్టు. తర్వాత జనం దిక్కు తిరిగి గట్టిగా అంది. "మావోడు గాదు. ఆయన్ని ఇడిసిపెట్టుండ్రి."

నా మాట వినని జనం ఆమె మాట విన్నారు. ఒక్కొక్కరే జారుకున్నారు. నా మీదికి వచ్చినవాడు పోతూ పోతూ, "ఏమనుకోకుండ్రి సారూ, గట్ల కనవడ్డది," అన్నాడు. కెప్టెన్ సలోత్రి సాబ్‌తో చెయ్యి కలిపి జీపెక్కాడు. సలోత్రి సాబ్ మాత్రం అక్కడే కూర్చుని కత్తి కడిగారు, ఒలిచిన తోలును మడిచి గోనెలో పెట్టారు, నేల మీద నీళ్లు ఊడ్చారు. ఇంటికి పొమ్మన్నా పోలేదు. దారిలో నడవడానికి భయం వేసిందని నాకు ఆలస్యంగా అర్థమై, వాళ్ల వీధి దాకా తోడు వెళ్లాను.

వారం తిరగకుండానే ఆయన లారీలో హైదరాబాదుకు పోతున్నారని తెలిసి పరుగెత్తాను. చిన్న ట్రంకు పెట్టె ఒడిలో పెట్టుకుని లారీ వెనక కూర్చుని ఉన్నారు.

"ఎప్పుడొస్తరు?" అన్నాను.

"బిడ్డ రమ్మంటున్నది," అన్నారు. "ఆ మొదటి చెయ్యి జర సరిగ కట్టుండ్రి మాస్టర్ సాబ్. పిల్లలు తప్పు నేర్చుకుంటరు."

ఇంకా ఏదో అనబోయారు, లారీ కదిలింది. ఈసారి నేను చెయ్యి ఊపాను. ఆయన రెండు చేతులూ ట్రంకు మీదే పెట్టుకుని తల ఊపారు. ఆ తర్వాత ఆయన కనపడలేదు. హైదరాబాదు పోయిన ప్రతిసారీ పశువుల దవాఖానల్లో అడిగాను. కూతురితో పాటు కరాచీ పోయాడని ఒకరు, నాందేడ్‌లో చనిపోయాడని ఒకరు చెప్పారు. ఏది నిజమో నాకు తెలియదు. ఉద్యోగంలో చాలామంది మంచివాళ్లతో పనిచేశాను గానీ, ఆయనంత మనసుకు దగ్గరైన మనిషి నాకు మళ్లీ దొరకలేదు.

మా వాళ్లు షోలాపూర్ నుంచి ఇంకా రాలేదు. స్కూలు తెరుస్తారని, ఉర్దూ తీసేస్తారని, రకరకాల మాటలు. నేను మధ్యాహ్నాలు అదే గదిలో ఒక్కణ్నే కూర్చుని, కోసిన రెక్కను ముందు పెట్టుకుని, మొదటి చెయ్యిని విప్పి డబ్బాలోని ఎముకల్ని ఏ వేలివి ఆ వేలికి చేర్చాను. ఎదురుగా ఆయన కూర్చునే స్టూలు ఖాళీగా ఉండేది. తీగ బిగిస్తూ రెండుమూడుసార్లు పట్టకారు కోసం ఆ దిక్కు చెయ్యి చాపాను కూడా.

పలకను మళ్లీ గోడకు తగిలించిన మర్నాడు గుమ్మంలో నీడ పడింది. చూస్తే ఆమె. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. ఊరికి వెళ్లలేదా అని అడిగాను. పోయి వచ్చానంది. కూర్చోమంటే కూర్చోలేదు. గోడ మీది చెయ్యిని చాలాసేపు చూసింది.

"సారూ, కోపం జెయ్యకు. ఆ పొద్దు మందిల ఉంటి, భయంల, బుగులుల ఉంటి. నేను సరిగ లెక్కవెట్టలేదేమో అనిపిస్తున్నది. జర ఇంకొక్కసారి లెక్కవెట్టు."

నేను పలక దించి బల్ల మీద పెట్టాను. చూపుడువేలి మొదటి ఎముక మీద పుల్ల ఆనించి, వీలైనంత నెమ్మదిగా, ఒక్కొక్కటే చూపిస్తూ చివరిదాకా లెక్కపెట్టాను. ఆమె ఈసారి తన వేలు చాపలేదు. నా పుల్లనే చూసింది.

"ఇంత ఉంటె మనిషిది గాదు గద?"

"కాదమ్మా."

"దీన్ల ఏ వేలుకన్న మూడే ఉన్నయా సారూ?"

పక్కవేలు మీద పుల్ల పెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.